కత్తి నడిచిన దారి, ముల్లు నడిచే దారి

మా ఇంట్లో ఆదివారం పొద్దున్నే ఘంటసాల భగవద్గీత ప్లేటు మోగేది. మొదటి వైపు వేసినప్పుడు ఆ గొంతు హాలంతా నిండేది. తిప్పి రెండో వైపు వేశాక కూడా కాసేపు బాగానే ఉండేది. ముల్లు మధ్యలోని కాగితం దగ్గరపడే కొద్దీ ఏదో చెడిపోయేది. 'స' వచ్చిన చోటల్లా గరగర. 'శ' వచ్చిన చోట సిమెంటు నేల మీద చెప్పు ఈడ్చిన చప్పుడు. మోక్షసన్న్యాస యోగం వచ్చేసరికి మరీను. ఆ పేరులోనే ఊష్మాలు మూడున్నాయి. "అరిగిపోయింది, ఎన్నిసార్లని వేస్తాం?" అనేవారు నాన్న. వేసిందంతా ఆయనే కాబట్టి ఎవరూ ఇంకేమీ అనేవాళ్లం కాదు.

చాలా ఏళ్ల తర్వాత ప్లేయరుని అటక మీంచి దించి, భూతద్దం పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఎప్పుడో ముల్లు మార్పించినప్పుడు రిపేరు చేసినాయన, ముల్లుని పట్టుకునే పెట్టె కార్ట్రిడ్జిని కొసదాకా ముందుకు తోసి స్క్రూలు బిగించేశాడు. ఉండాల్సిన చోటు కంటే మూడు మిల్లీమీటర్లు ముందుకుంది. ఒక పెసరగింజ అంత. ఈ అధ్యాయమంతా ఆ పెసరగింజ గురించే.

ప్లేటు మీద ఎన్ని గీతలున్నాయని పిల్లల్ని అడిగితే వందలంటారు. ఉన్నది ఒక్కటే. భగవద్గీత ప్లేటయినా సరే, వైపుకి ఒక్కటే గీత. బయటి అంచున మొదలై, జిలేబీ చుట్టలా తిరుగుతూ లోపలికి పోతుంది. ఇరవై నిమిషాల ఎల్.పి.లో ఒక వైపు గాడిని విప్పి తిన్నగా పరిస్తే సుమారు 430 మీటర్లొస్తుంది. వెడల్పు మాత్రం తలవెంట్రుకంత. అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటుంది. రెండు గోడల మధ్య 90 డిగ్రీలు. స్టీరియోలో లోపలి గోడ ఎడమ స్పీకరుది, బయటి గోడ కుడి స్పీకరుది. ఒకే గాడిలో రెండు శబ్దాలను ఇలా ఇమడ్చవచ్చని ఇంగ్లండులో అలన్ బ్లమ్‌లైన్ 1931లోనే పేటెంటుకు రాసిచ్చాడు. స్టీరియో ఎల్.పి.లు బజారుకొచ్చింది 1950ల చివర్లో. అది చూడటానికి ఆయన లేడు, 1942లో విమాన ప్రమాదంలో పోయాడు.

ఈ గాడిని మొదట తవ్వేది నాగలిలాంటి ఒక చిన్న కత్తి. లక్కలా మెరిసే పూత పూసిన పలక తిరుగుతుంటే, ఆ కత్తిని పట్టుకున్న యంత్రం పలక అంచు నుంచి కేంద్రం వైపు తిన్నగా, వ్యాసార్ధం మీదుగా కదులుతుంది. రైలు పట్టాల మీద పోయినట్టు పోతుంది తప్ప అటూ ఇటూ తిరగదు. అందువల్ల గాడిలో ఏ చోట చూసినా కత్తి ముఖం గాడి దిశకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పాటలోని ప్రతి వణుకూ గాడికి అడ్డంగా, ఖచ్చితంగా లంబంగా చెక్కి ఉంటుంది.

ఇంట్లో ప్లేయరు మీది ముల్లుకు ఆ భాగ్యం లేదు. దాని చేయి ఒక మూల ఇరుసు మీద తిరుగుతుంది. తలుపుని తెరిచి మూయండి. గడియ ఉన్న కొస నేల మీద ఒక వంపు గీస్తుంది కానీ తిన్నని గీత గీయదు. ముల్లు కూడా అంతే. కత్తి తిన్నని దారిన నడిచింది, ముల్లు వంపు దారిన నడుస్తుంది. రెండూ ఒక్కటి కావు. ఈ తగువు ఎమిల్ బెర్లినర్ 1887లో పళ్లెం ఆకారపు రికార్డుకు పేటెంటు తీసుకున్న కాలం నుంచీ ఉంది. ఎడిసన్ గొట్టాల యంత్రానికి ఈ బాధ లేదు. మరలు తొలిచిన కడ్డీ ఒకటి ముల్లుని తిన్నగా తోసుకుపోయేది. బెర్లినర్ ఆ కడ్డీని తీసేసి, ముల్లుని లాగే పని గాడికే అప్పజెప్పాడు. యంత్రం చవకైంది, ఇంటింటికీ వెళ్లింది. దాంతోపాటే కోణం తగువూ వెళ్లింది.

తగువు ఎంతటిదో లెక్క వేద్దాం. చేయి పొడవు 230 మిల్లీమీటర్లు, ముల్లు సరిగ్గా ప్లేటు మధ్యనున్న మేకు మీదికి వచ్చేలా బిగించాం, చేయి కొసన వంపు లేదు అనుకుందాం. పాట మొదలయ్యే చోట, అంటే కేంద్రానికి 146 మిల్లీమీటర్ల దూరంలో, ముల్లు గాడికి 18.5 డిగ్రీలు ఏటవాలుగా నిలబడుతుంది. పాట ముగిసే 60 మిల్లీమీటర్ల దగ్గరికొచ్చేసరికి ఏటవాలు 7.5 డిగ్రీలు. అంటే ఒక్క వైపు మోగేలోపే 11 డిగ్రీల తేడా. ఇలాంటి చేతికి ఏ కోణంలో కార్ట్రిడ్జి బిగించినా ఎక్కడో ఒకచోట బాగా చెడుతుంది.

దీనికి మందు రెండు పాళ్లుగా కలపాలి. ఒకటి, చేయి కొసన కార్ట్రిడ్జిని లోపలికి వంచి బిగించడం. చేతులు ఎస్ ఆకారంలోనో, జె ఆకారంలోనో వంకర తిరిగి ఉండేది ఇందుకే, అందానికి కాదు. రెండోది కంటికి వింతగా ఉంటుంది: చేతిని కాస్త పొడుగు చేసి, ముల్లు మధ్య మేకుని దాటి పోయేలా పెట్టడం. ఇరుసు నుంచి మేకు దాకా 215 మిల్లీమీటర్లుంటే, ముల్లు దాకా 232.8 పెడతాం. దాదాపు 18 మిల్లీమీటర్లు మేకుని దాటుతుంది. ఈ దాటుడు వల్ల జరిగే మేలు చూడండి. 11 డిగ్రీలు ఊగిన ఏటవాలు ఇప్పుడు 22.5కీ 25.5కీ మధ్యనే ఊగుతుంది. మూడే డిగ్రీలు. ఆ మధ్యలో 23.7 దగ్గర కార్ట్రిడ్జిని వంచి బిగిస్తే, తప్పు ఎక్కడా రెండు డిగ్రీలు దాటదు.

పూర్తిగా ఒప్పయ్యేది మాత్రం రెండే రెండు చోట్ల. కేంద్రానికి 66 మిల్లీమీటర్ల దగ్గర ఒకసారి, 120.9 దగ్గర ఒకసారి. ప్లేటు మొత్తం మీద ముల్లు కత్తి నిలబడ్డట్టే నిలబడేది ఆ రెండు వలయాల మీదే. మిగతా అంతటా ఎంతో కొంత వంకర ఉంటుంది. కార్ట్రిడ్జి అమర్చడమంటే తప్పుని పోగొట్టడం అనుకుంటాం. అది కుదరదు. తప్పుని ఎక్కడ ఎంత పంచాలో తేల్చుకోవడమే ఆ పని.

ఆ పంపకం ఎలా ఉండాలన్న దాని మీద లెక్కల పండితులు నలభై ఏళ్లకు పైగా తలలు పట్టుకున్నారు. లండన్‌లో పెర్సీ విల్సన్ 1924లో 'ది గ్రామఫోన్' పత్రికలో మొదటి గట్టి లెక్క వేశాడు. ఆయన చూసింది కోణాన్ని మాత్రమే. కోణం ఎక్కడా మరీ పెరగకుండా ఉంటే చాలనుకున్నాడు. 1938లో స్వీడన్‌లో ఎరిక్ లోఫ్‌గ్రెన్ ఒక అడుగు ముందుకేశాడు. ఒకే డిగ్రీ తప్పు ప్లేటు అంచున చేసే చెరుపు వేరు, లోపల చేసే చెరుపు వేరు అన్నాడు. ఈ కథలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం.

ఎందుకో చెబుతాను. ఎల్.పి. నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, మొదట్లోనూ అంతే, చివర్లోనూ అంతే. కానీ బయటి చుట్టు పెద్దది, లోపలిది చిన్నది. బయట ముల్లు కింద గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు జారితే, లోపల 21 మాత్రమే. ఒకే స్వరాన్ని లోపల సగం కంటే తక్కువ చోటులో ఇరికించి రాయాలి. పదివేల హెర్ట్జ్ శబ్దం, అంటే 'స'లోని సన్నటి సీత్కారం, బయట ఒక్కో అలకు 51 మైక్రాన్లు తీసుకుంటే లోపల 21 మైక్రాన్లలో సర్దుకోవాలి. పుస్తకం చివరి పేజీలకొచ్చేసరికి కాగితం చాలక అక్షరాలు చిన్నవి చేసి రాసినట్టు. అక్కడ ముల్లు వంకరగా నిలబడితే అక్షరం మీద అక్షరం పడుతుంది.

వంకర ముల్లు అలను ఎలా చెడగొడుతుందంటే, గాడి ఒక పక్కకి వంగినప్పుడు ఆ వంపుని రవంత ముందుగా, రెండో పక్కకి వంగినప్పుడు రవంత ఆలస్యంగా చదువుతుంది. అటూ ఇటూ సమంగా ఉండాల్సిన అల, గాలికి వాలిన వరిచేనులా ఒక పక్కకి వాలిపోతుంది. వాలిన అలంటే చెవికి అసలు స్వరంతోపాటు దానికి రెట్టింపు స్వరం కూడా కలిసి వినబడటం. తంబురాలోనైతే ఆ కలయిక ముద్దుగానే ఉండొచ్చు. 'స'లో మాత్రం గరగరే.

ఇప్పుడు మా పెసరగింజ దగ్గరికి వద్దాం. పైన చెప్పిన చేతికే కార్ట్రిడ్జి మూడు మిల్లీమీటర్లు ముందుకు జరిగిందనుకోండి. ప్లేటు చివర ఉండాల్సిన తప్పు ముప్పావు డిగ్రీ; అది మూడున్నర డిగ్రీలవుతుంది. గాడిలో అల వేగం సెకనుకు 10 సెంటీమీటర్లున్న చోట, అసలు స్వరంలో 0.6 శాతం ఉండాల్సిన కల్తీ 3 శాతానికి చేరుతుంది. అయిదు రెట్లు. నాన్న అరుగుదల అనుకున్నది చాలావరకు ఇదే.

1941లో బేర్‌వాల్డ్ అనే ఆయన లోఫ్‌గ్రెన్ లెక్కనే మరింత విస్తరించి అమెరికాలో అచ్చు వేశాడు. లోఫ్‌గ్రెన్ జర్మన్‌లో రాయడం వల్లనేమో, 66, 120.9 అనే ఆ జంట బేర్‌వాల్డ్ పేరు మీదే ఎక్కువ చెలామణీ అవుతోంది. 1966లో స్టీవెన్సన్ మరో పంపకం సూచించాడు. తప్పు సున్నా అయ్యే మొదటి చోటుని ఏకంగా ప్లేటు చివరికే, 60.3 మిల్లీమీటర్లకు, తీసుకుపోయాడు. ముగింపులో వాద్యాలన్నీ ఒక్కసారిగా విరుచుకుపడే పాశ్చాత్య సింఫనీలకు అది మేలు. అందుకు బదులు ప్లేటు నడుమ భాగంలో కల్తీ కాస్త పెరుగుతుంది. నేను మాత్రం బేర్‌వాల్డ్ జంటకే ఓటేస్తాను. మన సినిమా పాటల ఎల్.పి.లో మూడో పాట కూడా ఆరో పాటంత ముఖ్యమే.

ఇక పని దగ్గరికి వద్దాం. మొదట కావాల్సింది ఒక కాగితం కొలబద్ద. దాని మీద మధ్య మేకుకి రంధ్రం, 66 దగ్గర ఒక చుక్క, 120.9 దగ్గర ఒక చుక్క, చుక్కల చుట్టూ సన్నటి గళ్లు ఉంటాయి. నేను మొదటిసారి దీన్ని జెరాక్సు షాపులో ప్రింటు తీయించుకుని, రెండు గంటలు కుస్తీ పట్టి అమర్చి, మర్నాడు స్కేలు పెట్టి చూస్తే 120.9 ఉండాల్సిన చోట 117.3 ఉంది. కాగితంలో పట్టేలా యంత్రం తనంతట తానే నూటికి మూడు పాళ్లు కుదించింది. తిట్టుకుంటూ లెక్క వేస్తే నవ్వొచ్చింది. రెండు చుక్కలూ ఒకే పాళ్లలో కుదిశాయి కాబట్టి 64, 117.3 కూడా ఒక న్యాయమైన జంటే. బయటి అంచున తప్పు 1.9 డిగ్రీల నుంచి 2.2కి పెరిగిందంతే. అదృష్టం బాగుంది. మీరు మాత్రం ముందే స్కేలుతో కొలవండి. స్కేలు లేకపోతే ఏటీఎం కార్డు పెట్టి చూడొచ్చు, దాని పొడవు 85.6 మిల్లీమీటర్లు.

చేయి కొసన కార్ట్రిడ్జిని బిగించే హెడ్‌షెల్‌కి రెండు పొడుగు సందులుంటాయి, వాటిలోంచి రెండు స్క్రూలు కార్ట్రిడ్జిలోకి దిగుతాయి. వాటి మధ్య దూరం ఏ కంపెనీదైనా అర అంగుళమే. స్క్రూలు వదులు చేసేటప్పుడూ బిగించేటప్పుడూ ముల్లుకు తొడుగు ఉండాలి. తొడుగు లేకుండా స్క్రూడ్రైవరు పట్టుకున్న చేయి ఒక్కసారి జారిందా, కొత్త ముల్లు కొనాల్సిందే. వెనక నాలుగు సన్నటి తీగలుంటాయి. తెలుపు, నీలం ఎడమవి. ఎరుపు, ఆకుపచ్చ కుడివి. వాటిని పట్టకారుతో మెల్లిగా తొడగాలి, లాగకూడదు.

స్క్రూలు కార్ట్రిడ్జి కదిలీ కదలనంత బిగువులో ఉంచి, ముల్లుని బయటి చుక్క మీద దించండి. చుక్క మీద పడకపోతే కార్ట్రిడ్జిని ముందుకో వెనక్కో జరపండి. పడ్డాక ఎదురుగా వంగి, ఒక కన్ను మూసి చూడండి. చూడాల్సింది కార్ట్రిడ్జి పెట్టెని కాదు, దాని కింద చీమ మీసంలా పొడుచుకొచ్చే సన్నటి కడ్డీని. ఆ కడ్డీ గళ్లతో సమాంతరంగా ఉందా? చాలా కార్ట్రిడ్జిల్లో పెట్టె ఒక దిక్కు, కడ్డీ ఇంకో దిక్కు చూస్తుంటాయి. నమ్మాల్సింది కడ్డీనే. ఇప్పుడు లోపలి చుక్కకి పోండి. అక్కడ ఏటవాలుగా కనబడితే మళ్లీ జరపాలి, మళ్లీ బయటికి రావాలి. నాలుగైదు రాకపోకల తర్వాత రెండు చోట్లా కుదురుతుంది. అప్పుడు స్క్రూ బిగిస్తారు. బిగించగానే కార్ట్రిడ్జి అర డిగ్రీ తిరుగుతుంది. కోపం తెచ్చుకోకుండా మళ్లీ మొదలుపెట్టాలి, రెండు స్క్రూలనీ వంతులవారీగా పావు చుట్టు చొప్పున బిగించాలి.

కార్ట్రిడ్జి జరిగితే తూకం మారుతుంది కాబట్టి బరువు సంగతి ఆ తర్వాతే చూడాలి. చేయి త్రాసు కాడలా గాలిలో సమంగా తేలేదాకా వెనక గుండుని తిప్పి, అక్కడి నుంచి కంపెనీ చెప్పిన బరువు ఎక్కించాలి. ఇప్పటి మామూలు కార్ట్రిడ్జిలకు రెండు గ్రాముల లోపూ బయటా ఉంటుంది. ప్లేటు అరగకూడదని బరువు తగ్గించేవాళ్లున్నారు. ఇది ఉల్టా తెలివి. తేలిక ముల్లు గాడి మలుపుల్లో గోడను వదిలి ఎగిరి, మళ్లీ వచ్చి పడుతుంది, పడ్డ ప్రతిసారీ గోడను కొడుతుంది. రెండు గ్రాములే అయినా ముల్లు కొస గోడను తాకే చోటు ఎంత చిన్నదంటే, ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు టన్నుల్లో ఉంటుంది. వినైల్ ఆ ఒత్తిడికి లొంగి మళ్లీ లేస్తుంది, నిలకడైన బరువుని ఓర్చుకుంటుంది. దెబ్బని ఓర్చుకోదు.

చేతికి వంపు పెట్టాం కదా, దానికి చెల్లించే పన్ను ఒకటుంది. గాడి రాపిడి ముల్లుని లాగే దిశ ఇరుసు గుండా పోదు, పక్కనుంచి పోతుంది. అందుకని చేయి ఎప్పుడూ లోపలికి జారాలని చూస్తుంది. లోపలి గోడ మీద భారం పెరుగుతుంది, బయటి గోడ మీద తగ్గుతుంది. కుడి స్పీకరులో 'స' ముందుగా చెడుతుంది. దీన్ని ఆపడానికి చేతిని చిన్న స్ప్రింగుతోనో బరువుతోనో బయటికి లాగుతారు. ఎంత లాగాలో చూడటానికి గాడి లేని నున్నటి ప్లేటు మీద ముల్లు పెట్టి పరీక్షించమంటారు కొందరు. గాడి గోడల రాపిడి లేని చోట చేసే పరీక్ష గాడికి ఎలా పనికొస్తుంది? కుడి ఎడమల్లో గరగర సమానమయ్యేదాకా చెవితో సవరించుకోవడమే మంచి దారి.

ఎదురుగా చూసినప్పుడు ముల్లు అటూ ఇటూ ఒరగకుండా నిటారుగా ఉండాలి, లేకపోతే ఎడమది కుడిలో, కుడిది ఎడమలో కలుస్తాయి. చిన్న అద్దం ముక్క మీద ముల్లుని దించి చూస్తే, ముల్లూ దాని నీడా కలిసి బుడబుక్కలవాడి డమరుకంలా కనబడతాయి. డమరుకం నడుము విరక్కుండా నిటారుగా ఉంటే చాలు. పక్కనుంచి చూసే కోణం, చేయి ఎత్తు, వీటి గురించి మోజున్నవాళ్లు రాత్రిళ్లు మేలుకుంటారు. చేయి ప్లేటుకి సమాంతరంగా ఉంటే నాకు సరిపోతుంది. ప్లేటు ప్లేటుకీ మందం మారుతుంటే ప్రతిసారీ చేయి ఎత్తు సవరించే ఓపిక నాకు లేదు.

ఒక హెచ్చరిక. అటక మీద 78 చుట్ల లక్క ప్లేట్లుంటే ఈ ముల్లుతో వాటిని వేయకండి. ఆ గాడులు చాలా వెడల్పు. ఎల్.పి. ముల్లు గోడల మీద నిలబడకుండా అడుగున దుమ్ములో ఈడ్చుకుపోతుంది. వాటికి 75 మైక్రాన్ల మొద్దు ముల్లు వేరే ఉంటుంది.

మా ప్లేయరుకి కొత్త ముల్లు తెచ్చి, పైన చెప్పినట్టే అమర్చి, భగవద్గీత వేశాను. చివరికొచ్చేసరికి గరగర చాలావరకు పోయింది. పూర్తిగా పోలేదు. వంకర ముల్లు అన్నేళ్లు గోడలను గీకిన గుర్తు ప్లేటు మీద ఉండిపోయింది, దాన్ని ఏ కొలబద్దా చెరపలేదు. పాత ప్లేట్ల బజారులో అదే ప్లేటు పెద్దగా వాడనిది ఇంకొకటి దొరికింది. అదే ముల్లుతో దాన్ని వేస్తే మోక్షసన్న్యాసం మొదటి అధ్యాయమంత తేటగా వినబడింది. మీ ఇంట్లో కూడా ప్లేటు చివర్లో మాత్రమే గరగరమంటుంటే, కొత్త ప్లేటు కొనే ముందు హెడ్‌షెల్‌లో ఆ రెండు స్క్రూలు ఎక్కడున్నాయో ఒకసారి చూడండి.